అట్రోపిన్ ఒకటే, చదువులు నాలుగు: నర్సింగ్, ఫార్మసీ పీజీల్లో అసలేం నేర్పుతారు?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో బీఎస్సీ నర్సింగ్ అయిపోయిన అమ్మాయిని "తర్వాత ఏం చేస్తవమ్మా" అని అడిగితే, "ఎమ్మెస్సీ చేస్తే కాలేజీలో ట్యూటర్‌గా పోవచ్చు కదా" అంటుంది. బీఫార్మసీ పిల్లవాణ్ని అడిగితే "ఎంఫార్మసీ చేసి పోలేపల్లి సెజ్‌లోనో చౌటుప్పల్ దిక్కో కంపెనీ చూసుకుంటా, కాదంటే ఫార్మ్‌డీ" అంటాడు. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఇవన్నీ ఒకటే, మందులకు సంబంధించిన పెద్ద చదువులు. తేడా ఏంటో చెప్పమని గట్టిగా అడిగితే చదువుతున్నవాళ్లు కూడా తడబడతారు. వాళ్ల తప్పు కూడా కాదు. ఏ సిలబస్ తెరిచినా అవే మాటలు కనిపిస్తాయి: ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం), రీసెర్చ్ మెథడాలజీ, స్టాటిస్టిక్స్, క్లినికల్ ప్రాక్టీస్.

కోర్సుల పేర్లు కాసేపు పక్కనపెట్టి ఒక్క మందును పట్టుకుని చూస్తే ఈ చిక్కు తొందరగా విడిపోతుందని నా నమ్మకం. మందు ఒకటే అయినా దాని గురించి ఒక్కో చదువు ఒక్కో ప్రశ్న అడుగుతుంది. మీరు రోజూ ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతూ బతకాలనుకుంటున్నారో తేల్చుకుంటే ఏ కోర్సు అనేది దాదాపు తేలిపోయినట్టే. పురుగుల మందు విషానికి చికిత్సగా ఇచ్చే అట్రోపిన్ మన దిక్కు వార్డుల్లో అందరికీ తెలిసిన మందు కాబట్టి దానితో మొదలుపెడదాం.

పురుగుల మందు కేసు వచ్చినప్పుడు

పత్తి విరివిగా వేసే జిల్లాలు మనవి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు పిచికారీ చేస్తూ పడిపోయినవాళ్లు, తాగినవాళ్లు జిల్లా ఆస్పత్రి క్యాజువాలిటీకి కొత్తేం కాదు. ఇవన్నీ ఆర్గానోఫాస్ఫేట్లు. మన నరాల చివర్లలో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం సంకేతం అందించాక దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఈ పురుగుమందు పోయి ఆ ఎంజైమ్‌కు అతుక్కుంటుంది. దాంతో ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోట్లో నురగ, కళ్లలో నీళ్లు, విరేచనాలు, చిన్నగా ముడుచుకుపోయిన కంటిపాపలు, అన్నిటికంటే ప్రమాదంగా ఊపిరితిత్తుల నిండా స్రావాలు. మనిషి తన ఊపిరితిత్తుల్లోని నీటిలోనే మునిగిపోయే పరిస్థితి.

అట్రోపిన్ ఎంజైమ్‌ను బాగు చేయదు. ఎసిటైల్‌కోలిన్ వచ్చి కూర్చునే మస్కరినిక్ రిసెప్టర్లను అది ముందే ఆక్రమిస్తుంది, అంతే. స్రావాలు ఆగుతాయి, గుండె వేగం పెరుగుతుంది. కండరాల్లో ఉండే నికోటినిక్ రిసెప్టర్ల మీద దానికి పట్టు లేదు, అందుకే అట్రోపిన్ ఎంత ఇచ్చినా కండరాల బలహీనత అలాగే ఉంటుంది. ఎక్కిన విషాన్ని ఎంజైమ్ నుంచి విడగొట్టడానికి వాడేది ప్రాలిడాక్సిమ్, వార్డులో అందరూ పామ్ అని పిలిచేది.

ఈ కేసు దగ్గర స్టాఫ్ నర్స్ ముందున్న ప్రశ్న ఏంటంటే, డాక్టర్ రాసిన డోసు సరిగ్గా, వేళకు, సరైన దారిలో వెళ్తోందా, మనిషిలో ఏం మారుతోంది అని. మన దగ్గర దొరికే ఆంప్యూల్ మామూలుగా ఒక మిల్లీలీటరుకు 0.6 మిల్లీగ్రాములు. అంగీకరించిన పద్ధతిలో మొదట 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఇచ్చి, ప్రతి 5 నిమిషాలకూ ఛాతీ విని, స్రావాలు తగ్గకపోతే డోసు రెట్టింపు చేసుకుంటూ పోతారు. లెక్క వేసి చూడండి: మొదట 3 ఆంప్యూల్స్, 5 నిమిషాలకు 6, ఇంకో 5 నిమిషాలకు 12. పది నిమిషాల్లో 21 ఆంప్యూల్స్, అంటే 12.6 మిల్లీగ్రాములు అయిపోయాయి. చిన్న ఆస్పత్రి ఎమర్జెన్సీ ట్రేలో ఉన్న సరుకు ఒక్క కేసుకే ఖాళీ. ఆ తర్వాత మొత్తం పట్టిన డోసులో 10 నుంచి 20 శాతం గంటకు చొప్పున ఇన్ఫ్యూజన్ పెడతారు, ఇక్కడైతే గంటకు దాదాపు 1.3 నుంచి 2.5 మిల్లీగ్రాములు.

ఎక్కడ ఆపాలన్నదే అసలు చిక్కు. కంటిపాప పెద్దదయింది, గుండె వేగం పెరిగింది, సరిపోయిందిలే అని చాలామంది అనుకుంటారు. కానీ చూడాల్సింది ముఖ్యంగా ఛాతీని, గురగుర ఆగి ఊపిరి తేటగా వినిపిస్తోందా లేదా అని. గుండె 80 దాటిందా, పై బీపీ 80కి పైన ఉందా అన్నది దాంతోపాటు చూస్తారు. మందు ఎక్కువైపోతే మనిషి తికమకగా మాట్లాడటం, ఒళ్లు కాలిపోవడం, పేగుల కదలిక ఆగిపోవడం, మూత్రం బిగుసుకుపోవడం మొదలవుతాయి. రాత్రి డ్యూటీలో దీన్ని మొదట పట్టుకోవాల్సింది నర్సే.

ఇక్కడిదాకా బీఎస్సీ చాలు. ఇప్పుడు పీజీలకు వద్దాం.

ఎమ్మెస్సీ నర్సింగ్ అడిగే ప్రశ్న: పైన చెప్పిందంతా రేపు 60 మంది పిల్లలకు ఎలా నేర్పాలి, నేర్చుకున్నారో లేదో ఎలా తేల్చాలి, వార్డులో 20 మంది నర్సులూ ఒకే పద్ధతిలో చేసేలా ఎలా చూడాలి? ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) లేదా ఎంఫార్మసీలోని ఫార్మసీ ప్రాక్టీస్ బ్రాంచి అడిగేది: ఈ రోగికి, ఇతనికున్న మిగతా జబ్బులతో, ఈ మందుల కలయిక సరైనదేనా? ఆర్గానోఫాస్ఫేట్ కేసులో గొంతులో ట్యూబు వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ వాడితే దాని ప్రభావం చాలాసేపు ఉండిపోతుంది, ఎందుకంటే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను కూడా పురుగుమందు కట్టేసింది. క్లినికల్ ఫార్మసిస్ట్ రౌండ్స్‌లో పట్టుకోవాల్సిన సంగతి ఇలాంటిది. పామ్ నిజంగా పనిచేస్తుందా అన్న తగవు కూడా వాళ్లదే. 2006లో మహారాష్ట్రలోని బారామతిలో చేసిన ట్రయల్‌లో ఎక్కువ డోసును గంటగంటకూ ఇన్ఫ్యూజన్‌గా ఇస్తే మేలు కనిపించింది, 2009లో వచ్చిన శ్రీలంక ట్రయల్‌లో కనిపించలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏ తరహా రోగులను తీసుకున్నారు, ఎంత విషమం, ఎంత ఆలస్యంగా వచ్చారు అని చదవడం నేర్పేదే ఆ కోర్సు.

ఎంఫార్మసీ ఫార్మకాలజీ బ్రాంచి మాత్రం రోగి మంచం దగ్గర అసలు ఉండదు. దాని ప్రశ్న: ఎంజైమ్‌కు అతుక్కున్న విషం కొన్ని గంటలయ్యాక ఇంక విడదీయలేనంతగా ఎందుకు బిగుసుకుంటుంది? దీన్ని ఏజింగ్ అంటారు. మోనోక్రోటోఫాస్ లాంటి డైమిథైల్ రకాల్లో ఇది గంటల్లోనే జరిగిపోతుంది, క్లోర్‌పైరిఫాస్ లాంటి డైఇథైల్ రకాల్లో రోజు దాటేదాకా టైముంటుంది. బిగుసుకున్నాక పామ్ ఇచ్చినా దండగే. దీనికి కొత్త విరుగుడు కనిపెట్టాలంటే ఏ జంతువు మీద, ఏ పరీక్షతో, ఎలాంటి అనుమతితో పని మొదలుపెట్టాలన్నది వాళ్ల సిలబస్.

ఎమ్మెస్సీ నర్సింగ్ లోపల ఏముంది

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లలు, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్ అని ఐదు స్పెషాలిటీల్లో ఏది తీసుకున్నా, నర్సింగ్ ఎడ్యుకేషన్ అనే పేపర్ మొదటి ఏడాదిలో అందరికీ తప్పనిసరి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏళ్లుగా నడుపుతున్న సిలబస్‌లో దానికి 150 గంటల థియరీ, 150 గంటల ప్రాక్టికల్. అదే ఏడాది అడ్వాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్, రీసెర్చ్ అండ్ స్టాటిస్టిక్స్, క్లినికల్ స్పెషాలిటీ మొదటి భాగం ఉంటాయి. రెండో ఏడాది నర్సింగ్ మేనేజ్‌మెంట్, స్పెషాలిటీ రెండో భాగం, 300 గంటల డిసర్టేషన్. స్పెషాలిటీ ప్రాక్టికల్ ఒక్కటే చూస్తే మొదటి ఏడాది 650 గంటలు, రెండో ఏడాది 950. కాగితం మీద ఇది క్లినికల్ కోర్సు, అందులో అనుమానం లేదు. బయటికొచ్చాక మాత్రం ఎక్కువమంది కాలేజీల్లోనే తేలతారు, ఎందుకంటే వార్డులో ఎమ్మెస్సీ చేసిన నర్సుకు ప్రత్యేకంగా పోస్టు అనేది పెద్దగా లేదు. స్టాఫ్ నర్సుగా చేరితే బీఎస్సీ అమ్మాయి చేసే పనే, దాదాపు అదే జీతం. ఈ విషయం అడ్మిషన్ టైమ్‌లో ఎవరూ చెప్పరు, చెప్పాలి.

ఇంకో సంగతి, నాకు ఎప్పటినుంచో గుచ్చుకునేది: ఈ కోర్సులో ఫార్మకాలజీకి సొంత పేపర్ లేదు. మందుల సంగతి స్పెషాలిటీ పేపర్ లోపల అక్కడక్కడ యూనిట్లుగా వస్తుంది. సైకియాట్రీ తీసుకున్నవాళ్లకు సైకోట్రోపిక్స్ బాగానే పడతాయి, కమ్యూనిటీ వాళ్లకు తక్కువ. కింద బీఎస్సీలో మాత్రం 2021-22 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చాక ఫార్మకాలజీ రెండు భాగాలైంది, రెండో భాగంలో ప్రిస్క్రైబింగ్ మౌలిక సూత్రాల మాడ్యూల్ కూడా పెట్టారు. అంటే పాత పద్ధతిలో బీఎస్సీ చేసి ఎమ్మెస్సీ పూర్తి చేసిన ట్యూటర్, తాను విద్యార్థిగా ఎప్పుడూ చదవని మాడ్యూల్‌ను పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. చాలా కాలేజీల్లో ఆ క్లాసుకు ఫార్మసీ కాలేజీ నుంచి గెస్ట్ లెక్చరర్‌ను పిలుస్తారు. ఆయన పైన చెప్పిన రిసెప్టర్లన్నీ చక్కగా చెప్తాడు, కానీ ఎక్కడ ఆపాలి అన్నది వార్డులో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. ఫార్మసీకి, నర్సింగ్‌కు మధ్య ఖాళీ ఇక్కడే ఉంది.

అమెరికాలో దీన్ని ఇంకోలా కుదిర్చారు. అక్కడ నర్స్ ఎడ్యుకేటర్‌గా మాస్టర్స్ చేసే చాలా ప్రోగ్రాముల్లో మూడు సబ్జెక్టులు పీజీ స్థాయిలో విడిగా చదవాలి: అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ, అడ్వాన్స్‌డ్ హెల్త్ అసెస్‌మెంట్. ఇంగ్లిష్‌లో చివరిదాన్ని ఫిజికల్ అసెస్‌మెంట్ అని, మూడూ పీ అక్షరంతో వచ్చేలా చెప్పుకుని త్రీ పీస్ అంటుంటారు. పాఠం చెప్పేవాడికి అంత మందుల శాస్త్రం ఎందుకని అక్కడా కొందరు సణుగుతారు. కానీ ఎడ్యుకేటర్ కూడా పిల్లలను వెంటబెట్టుకుని రోగి దగ్గరే నిలబడతాడు కదా, పిల్ల చేసే తప్పును అక్కడికక్కడే పట్టుకోవాల్సింది ఆయనే కదా అన్నది వాళ్ల లెక్క. నాకు ఆ లెక్కే సరైనదనిపిస్తుంది.

మన దగ్గర ఆ మూడింటికీ దగ్గరగా వచ్చేది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల రెసిడెన్సీ పీజీ. ఐసీయూలో ఉంటూనే చదవాలి, క్రిటికల్ కేర్‌కు సంబంధించిన పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్ గట్టిగా ఉంటాయి. సీట్లు తక్కువ, పోస్టులు ఇంకా తక్కువ. ఎప్పటికైనా పెరుగుతాయన్న ఆశతో చేరేవాళ్లున్నారు, ఆ ఆశ తీరడానికి ఎంతకాలం పడుతుందో మాత్రం చేరేముందే ఆలోచించుకోవాలి.

పాఠం చెప్పడం కూడా ఒక శాస్త్రమే

నర్సింగ్ ఎడ్యుకేషన్ పేపర్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లెసన్ ప్లాన్ రాయడం, చార్టులు గీయడం, ఇంతే కదా అని. అందులో గట్టి సరుకు వేరే ఉంది, ఒక ఉదాహరణతో చెప్తా.

మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ రెండు బలాల్లో దొరుకుతాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజీలూ రెండు రకాలు, 40ది ఎర్ర మూత, 100ది ఆరెంజ్ మూత. 100 యూనిట్ల వయల్‌ను 40 సిరంజీతో 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చింది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రాసింది 20, వెళ్లింది 50. షుగర్ పడిపోయి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. తిరగేస్తే, 40 వయల్‌ను 100 సిరంజీతో 20 గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే.

ఇది పిల్లలకు ఎలా నేర్పుతారు? "రెండు రకాల సిరంజీలున్నాయి, జాగ్రత్త" అని నోట్స్ చెప్పిస్తే పరీక్షలో అందరూ రాస్తారు, వార్డులో మళ్లీ అదే తప్పు. 1956లో బ్లూమ్ బృందం నేర్చుకోవడాన్ని స్థాయిలుగా విడదీసి చూపించినప్పటి నుంచీ ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే ఇది: గుర్తుంచుకోవడం వేరు, ఎదురుగా ఉన్న కేసుకు వాడటం వేరు, చేత్తో చేయడం వేరు. మూడూ మూడు రకాలుగా నేర్పాలి, మూడు రకాలుగా పరీక్షించాలి. చేతిపనిని పరీక్షించడానికి 1975లో స్కాట్లండ్‌లోని డండీలో హార్డెన్ అనే డాక్టర్ పరిచయం చేసిన పద్ధతి ఓస్కీ. స్టేషన్లు పెడతారు, ఒక్కో దగ్గర కొన్ని నిమిషాలు, ముందే రాసిపెట్టుకున్న చెక్‌లిస్ట్ ప్రకారం మార్కులు. ఒక బల్ల మీద రెండు వయల్స్, రెండు సిరంజీలు కలిపి పెట్టి "20 యూనిట్లు తీయండి" అని చెప్పి చూడండి. క్లాస్‌లో ఫస్ట్ వచ్చే పిల్ల తప్పు సిరంజీ తీసే అవకాశం మీరు అనుకున్నదానికంటే ఎక్కువ.

ఇంకా ఆసక్తికరమైనది ఐటమ్ ఎనాలిసిస్, అంటే మనం పెట్టిన ప్రశ్నకే పరీక్ష పెట్టడం. 100 మంది రాశారనుకోండి. మొత్తం మార్కుల్లో పైనున్న 27 మందిని, కిందున్న 27 మందిని తీసుకుంటారు. అట్రోపిన్ ప్రశ్నకు పైవాళ్లలో 22 మంది, కిందివాళ్లలో 8 మంది సరైన జవాబు పెట్టారు. 54లో 30, అంటే దాదాపు 56 శాతం, మరీ తేలికా కాదు, మరీ కష్టమూ కాదు. రెండింటి తేడా 14ను 27తో భాగిస్తే 0.52, చదివినవాళ్లను చదవనివాళ్లను ఈ ప్రశ్న బాగానే విడదీస్తోంది. ఇది 0.2కు తక్కువ వస్తే ప్రశ్నను మార్చుకోవాలి. మైనస్ వచ్చిందంటే, బాగా చదివినవాళ్లే తప్పు పెట్టారంటే, మన కీ తప్పయి ఉంటుంది, లేదా ప్రశ్నలో రెండు అర్థాలున్నాయి. ఇంటర్నల్ పరీక్షల్లో ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు తిప్పితిప్పి ఇచ్చే కాలేజీల్లో ఒక్కసారి ఈ లెక్క వేసి చూస్తే చాలా బయటపడతాయి.

ఫార్మసీ దిక్కు

ఫార్మసీలో చిక్కు బ్రాంచీలతో మొదలవుతుంది. ఎంఫార్మసీ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. మొదటి రెండింట్లో పేపర్లు, మిగతా రెండింట్లో ఎక్కువగా రీసెర్చ్. ఫార్మాస్యూటిక్స్, కెమిస్ట్రీ, ఎనాలిసిస్, క్వాలిటీ ఎష్యూరెన్స్, రెగ్యులేటరీ అఫైర్స్, వీటి గమ్యం ఎక్కువగా కంపెనీయే. పోలేపల్లి, చౌటుప్పల్ దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి మన పిల్లలు వీటివైపు మొగ్గుతారు, అందులో తప్పేం లేదు.

గందరగోళమంతా మిగిలిన రెండింటిది. పేరు చూసి ఫార్మకాలజీ అంటే వార్డులో పని అనుకుంటారు, కాదు. అందులో అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ, స్క్రీనింగ్ మెథడ్స్, సెల్యులార్ అండ్ మాలిక్యులర్ ఫార్మకాలజీ, డ్రగ్ డిస్కవరీ, చివర్లో క్లినికల్ రీసెర్చ్, మందుల వల్ల వచ్చే ఇబ్బందులను గమనించి నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ఉంటాయి. ఎలుకలను ముట్టుకోలేనివాళ్లు ముందే ఆలోచించుకోవాలి. వార్డు కావాలంటే ఫార్మసీ ప్రాక్టీస్. అందులో ఫార్మకోథెరప్యూటిక్స్, హాస్పిటల్ ఫార్మసీ, రక్తంలో మందు ఎంతుందో కొలిచి డోసు సరిచేసే క్లినికల్ ఫార్మకోకైనెటిక్స్, మందుల ఖర్చుకు దక్కిన ఫలితానికి లెక్కకట్టే ఫార్మకోఎకనామిక్స్.

ఫార్మ్‌డీ 2008 రెగ్యులేషన్లతో వచ్చింది. ఇంటర్ తర్వాత ఆరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్: ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మిగిలిన ఆరు నెలలు మరో మూడు విభాగాల్లో రెండేసి నెలల చొప్పున. బీఫార్మసీ చేసినవాళ్లు పోస్ట్ బాకలారియేట్ దారిలో నేరుగా నాలుగో ఏడాదిలోకి వెళ్లి మూడేళ్లలో పూర్తి చేయవచ్చు. నాలుగో ఏడాదిలో క్లినికల్ టాక్సికాలజీ ఒక సబ్జెక్టు, మన అట్రోపిన్ కేసు నేరుగా అక్కడికే వస్తుంది. చదువుపరంగా నాకు చాలా నచ్చిన కోర్సు ఇది. ఉద్యోగం దగ్గరికొస్తే మాత్రం, క్లినికల్ ఫార్మసిస్ట్ అని పోస్టు పెట్టి జీతమిచ్చే ఆస్పత్రులు హైదరాబాద్ కార్పొరేట్లను దాటితే మన జిల్లాల్లో చాలా తక్కువ. చాలామంది ఫార్మకోవిజిలెన్స్ కంపెనీల్లో కంప్యూటర్ ముందు కూర్చుని కేసులు ఎంటర్ చేసే పనిలోకి వెళ్తారు. మంచి జీతమే, కానీ రౌండ్స్ చేస్తామని కలగన్న పిల్లలకు అది ఎదురుదెబ్బ.

ఫార్మకోవిజిలెన్స్ మాట వచ్చింది కాబట్టి నర్సులకు ఒక మాట. మందు పడక వచ్చిన ఇబ్బందులను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూసుకుంటుంది. ఆ ఫారం డాక్టర్ ఒక్కరే నింపాలని రూలేం లేదు. నర్సు నింపవచ్చు, ఫార్మసిస్ట్ నింపవచ్చు. యాంటీబయాటిక్ ఇచ్చిన పది నిమిషాలకు దద్దుర్లు చూసేది నర్సే కదా. నర్సింగ్ పీజీ, ఫార్మసీ పీజీ పిల్లలు కలిసి ఒకే వార్డులో నడపగలిగిన పని ఏదైనా ఉందంటే ఇదే.

థీసిస్ టాపిక్ దగ్గర జరిగేది

ఎమ్మెస్సీ నర్సింగ్ డిసర్టేషన్లు కొన్ని తిరగేస్తే ఒకటే మూస కనిపిస్తుంది: ఫలానా విషయంపై ఫలానావారి పరిజ్ఞానం మీద బోధనా కార్యక్రమం ప్రభావం. ముందు ఒక పరీక్ష, మధ్యలో పాఠం, తర్వాత మళ్లీ అదే పరీక్ష, రెండు పరీక్షల మార్కులను పోల్చే పెయిర్డ్ టీ టెస్ట్, ప్రభావం ఉంది అని ముగింపు. పాఠం చెప్పాక అదే ప్రశ్నలు అడిగితే మార్కులు పెరగకుండా ఉంటాయా! కంట్రోల్ గ్రూప్ లేకపోతే పెరిగింది పాఠం వల్లనా, ప్రశ్నలు ముందే చూసినందువల్లనా అని కూడా చెప్పలేం. ఫార్మసీ ప్రాక్టీస్ వాళ్ల మూస వేరు, ప్రిస్క్రిప్షన్లు లెక్కబెట్టి శాతాలు రాయడం.

మనకు పక్కనే ఎంత సరుకుందో చూడండి. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు ఉంటే అది దాటిన నీళ్లు తరాలుగా తాగిన ఊళ్లు మర్రిగూడ, మునుగోడు ప్రాంతంలో ఉన్నాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు. నీళ్లు మారాయి గానీ వంగిపోయిన నడుములు ఇంకా ఉన్నాయి. ఆ ముసలివాళ్లు కీళ్ల నొప్పులకు ఏళ్లుగా ఏ గోలీలు వేసుకుంటున్నారు, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఏమిస్తున్నారు, ఆ నొప్పి గోలీలకు కిడ్నీల పరిస్థితి ఏంటి? కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ అమ్మాయి, ఫార్మసీ ప్రాక్టీస్ అబ్బాయి కలిసి చేస్తే ఇద్దరికీ రెండు మంచి థీసిస్‌లు. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాతపూర్వక అంగీకారం, ఊళ్లో ఆశా కార్యకర్త సాయం, ఇవి మాత్రం ముందే సర్దుకోవాలి. గైడ్ ఒప్పుకోవాలి కదా అంటారు. ఒప్పుకోరు కొందరు, పాత మూసలో అయితే సంతకం తొందరగా పడుతుంది.

చేరేముందు

ఎమ్మెస్సీ నర్సింగ్‌కు బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్‌లో 55 శాతం, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఒక ఏడాది అనుభవం ఉండాలి. మన దగ్గర నోటిఫికేషన్ వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నుంచి వస్తుంది. నియమాలు మారే కాలం కూడా ఇదే. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, కాబట్టి సీనియర్లు చెప్పిన రూల్స్ మీద ఆధారపడకుండా ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి. అనుభవం ఏడాది అన్నారు కదా అని ఎక్కడో పేరు రాయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లున్నారు. అలా చేస్తే నష్టపోయేది వాళ్లే, ఎందుకంటే పైన చెప్పిన ఇన్సులిన్, అట్రోపిన్ లాంటివన్నీ ఆ ఏడాదిలోనే ఒంటబడతాయి, క్లాసులో కాదు.

ఎంఫార్మసీకి, పోస్ట్ బాకలారియేట్ ఫార్మ్‌డీకి రాష్ట్రంలో ప్రవేశ పరీక్ష పీజీఈసెట్, ఎంఫార్మసీకి జాతీయ స్థాయిలో జీప్యాట్. జీప్యాట్ క్వాలిఫై అయి ఎంఫార్మసీలో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఏళ్లుగా ఇస్తూ వచ్చారు, మధ్యతరగతి ఇళ్లలో అది చిన్న మాట కాదు. అమెరికాలో ఫార్మసిస్ట్ లైసెన్స్ ఆలోచన ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి: 2003 నుంచి బయట చదివినవాళ్లకు కనీసం ఐదేళ్ల ఫార్మసీ డిగ్రీ అడుగుతున్నారు, మన బీఫార్మసీ నాలుగేళ్లే. ఆరేళ్ల ఫార్మ్‌డీకి ఆ ఇబ్బంది లేదు. నర్సులకైతే బీఎస్సీతోనే అక్కడి లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ దారి ఉంది, దానికోసం ఎమ్మెస్సీ అక్కర్లేదు. అమెరికా వెళ్లడానికని రెండేళ్లు ఎమ్మెస్సీలో పెట్టేవాళ్లు ఆ రెండేళ్లు మంచి ఐసీయూలో పెడితే ఎక్కువ ఉపయోగం.

కాలేజీ చూడ్డానికి వెళ్తే బిల్డింగ్, ల్యాబ్, బస్సు చూపిస్తారు. మీరు ఆస్పత్రి చూపించమనండి. ఫార్మ్‌డీ కాలేజీకి 300 పడకల ఆస్పత్రితో అనుబంధం ఉండాలని రూలు. ఆ ఆస్పత్రి వార్డుకు ఉదయం పదింటికి వెళ్లి, మీ దగ్గరికి ఫార్మసీ స్టూడెంట్లు వస్తారా, కేస్ షీట్ చూస్తారా, ఏమైనా అడుగుతారా అని సిస్టర్‌ను అడగండి. ఎమ్మెస్సీ అయితే, మీ స్పెషాలిటీ వార్డులో పీజీ పిల్లలు ఎన్ని రోజులుంటారు, వాళ్లతో ఫ్యాకల్టీ వస్తుందా, లేక ఇన్‌స్పెక్షన్ రోజే కనిపిస్తుందా అని. ఆ సిస్టర్ చెప్పే రెండు ముక్కల్లో కాలేజీ బ్రోషర్లో లేనిదంతా దొరుకుతుంది.